కంపెనీ వెనక్కి పిలిచిన ఉయ్యాల

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజాం దగ్గర పల్లె. నాకు మూడేళ్ల పాప, నాలుగు నెలల బాబు. మా బావగారు సౌదీలో వెల్డింగ్ పని చేస్తారు. ఈమధ్య సెలవుకి వస్తూ, అక్కడ ఎవరో సారు ఇంట్లో వాడి పక్కన పెట్టేసిన చంటిపిల్లల ఉయ్యాల కుర్చీ తెచ్చారు. ఏటవాలుగా ఉంటుంది, కాలితో తోస్తే ఊగుతుంది. బాబు అందులో హాయిగా నిద్రపోతున్నాడు. హైదరాబాదులో ఉన్న మా పిన్ని కూతురు వీడియో కాల్‌లో చూసి, "అక్కా, అలాంటివి కంపెనీవాళ్లే రీకాల్ చేశారు, పిల్లలు చనిపోయారట, తీసెయ్" అంది. మా అత్తమ్మేమో "ఆ ఇంట్లో పిల్లలు అందులోనే పెరిగారు కదా, వాళ్లకి ఏటైంది?" అంటున్నారు. మా ఆయన "అంత భయమైతే అమ్మేద్దాం, లేదా అంగన్‌వాడీకి ఇచ్చేద్దాం" అంటున్నారు. బావగారికి తెలిస్తే నొచ్చుకుంటారని నా బెంగ. ఇంకో మాట, విజయనగరం పైడితల్లి సిరిమాను జాతరకి వెళ్లినప్పుడు పాపకి లైట్లు వెలిగే బొమ్మ కొన్నాం. దాని బ్యాటరీ మూత ఊరికే ఊడి వస్తోంది. అదీ ప్రమాదమేనా? ఇలాంటివి మాలాంటివాళ్లం ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, మిగతాది చదివే ముందు రెండు పనులు చేసి రండి. బాబు ఆ కుర్చీలో నిద్రపోతూ ఉంటే, లేచి ఏడుస్తాడేమో అనుకోకుండా ఎత్తి, చదునైన చోట పలచటి దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోబెట్టండి. తలగడ వద్దు, చుట్టూ మెత్తటి బొమ్మలూ వద్దు. తర్వాత పాప బొమ్మ తీసుకుని, బ్యాటరీలు పెట్టే గుంటలు ఎన్ని ఉన్నాయో, బ్యాటరీలు ఎన్ని ఉన్నాయో లెక్క చూడండి. ఒక్కటి తగ్గినా, అది మంచం కింద దొర్లిందేమో అని ఇల్లంతా వెతుకుతూ కూర్చోకండి. పాపని తీసుకుని ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. ఎందుకో కింద రాశాను.

లెక్క సరిపోయిందా? అయితే ఇక నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ చెల్లెలు చెప్పింది గాలి మాట కాదు. మీ కుర్చీ అడుగున ఒక స్టిక్కరు ఉంటుంది. దాని మీద మోడల్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపితే, అదే మోడలా, దాని పోలికలో ఉన్న మరొకటా అన్నది తేలుతుంది. కానీ తేలేదాకా ఆగాల్సిన పని లేదు. వెనక్కి పిలిచారా లేదా అన్నది కాగితం మీది సంగతి. ఏటవాలుగా ఉండే కుర్చీలో నాలుగు నెలల బిడ్డని నిద్రపుచ్చకూడదన్నది, ఏ కంపెనీదైనా మారదు.

ఆ వయసు బిడ్డకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడకి ఇంకా సత్తువ రాదు. ఏటవాలుగా పడుకుని నిద్రలోకి జారాక తల ముందుకి వాలుతుంది, గడ్డం గుండెకి ఆనుకుంటుంది. లోపల గాలి పోయే దారి, మడతపడ్డ గొట్టంలా, సన్నబడుతుంది. లేదంటే బిడ్డ కాస్త పక్కకి దొర్లి, ముక్కూ నోరూ పక్కనున్న మెత్తటి గుడ్డకి అదుముకుంటాయి. మళ్లీ ఇటు తిరగడానికి ఆ వాలులో వాడికి చేతకాదు. ఇదంతా చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఏడుపు వినబడదు. పొయ్యి దగ్గర ఉన్న తల్లి "ఇవాళ బాగా నిద్రపోతున్నాడు" అనుకుంటుంది. నన్ను భయపెట్టేది ఆ నిశ్శబ్దమే, అందుకే మీ ఉత్తరం రాగానే మిగతావి పక్కన పెట్టి దీనికి కూర్చున్నాను.

అమెరికాలో ఫిషర్ ప్రైస్ అనే పేరున్న కంపెనీ రాక్ ఎన్ ప్లే అనే ఏటవాలు పడకలు అమ్మేది. పసిపిల్లల మరణాలు ముప్పై దాటాక, 2019 ఏప్రిల్‌లో దాదాపు 47 లక్షల పడకలను వెనక్కి పిలిచింది. వాడకండి, తెచ్చివ్వండి, డబ్బిస్తాం అని ప్రకటించింది. అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. 2023 జనవరిలో అదే ప్రకటన మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికి లెక్కకి వచ్చిన మరణాలు సుమారు 100. వాటిలో కనీసం ఎనిమిది, మొదటి ప్రకటన వెలువడిన తర్వాత జరిగినవి. టీవీలో చెప్పారు, దుకాణాల్లోంచి తీసేశారు. అయినా అటకల మీద, చుట్టాల ఇళ్లలో, పాత సామాన్ల అంగళ్లలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఈ రెండు ప్రకటనల మధ్యలో, 2022లో, అక్కడ చట్టమే చేశారు: ఏడాదిలోపు పిల్లల నిద్ర కోసం పది డిగ్రీలకి మించి వాలున్న పడక తయారు చేయకూడదు, అమ్మకూడదు. పది డిగ్రీలంటే మీ బాబు పొడుగుకి తల దగ్గర సుమారు నాలుగంగుళాల ఎత్తు. మీ కుర్చీని ఆ లెక్కన కొలిచి చూడండి.

ఆ ప్రకటన అమెరికాలో కొన్న ఇంటికే చేరనప్పుడు, సముద్రం దాటి, చేతులు మారి, బావగారి సంచుల మధ్య రాజాం పక్క పల్లెకి వచ్చిన వస్తువుని వెతుక్కుంటూ ఎవరొస్తారమ్మా? ఆ కుర్చీ మీ ఇంట్లో ఉందని ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. మీ చెల్లెలి ఫోనే మీకు వచ్చిన రీకాల్ నోటీసు. అలాంటి చెల్లెలు ఉన్నందుకు సంతోషించండి.

అత్తమ్మగారి మాటకొస్తే, ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇంటి పిల్లలు బాగానే పెరిగి ఉంటారు. లక్షల పడకలు అమ్ముడైతే ఎక్కువ ఇళ్లలో ఏమీ కాదు. ఏమీ కాని ఇళ్ల నుంచే ఆ వస్తువు చేతులు మారి ఇంకో ఇంటికి వెళుతుంది. జరగరానిది జరిగిన ఇంట్లో దాన్ని దాచి ఇంకొకరికి ఇవ్వరు. అందుకే మన దగ్గరికి వచ్చిన ఏ పాత వస్తువు వెనకైనా మంచి కథే ఉంటుంది. ఈ మాట ఆవిడతో వాదనలా కాకుండా, బాబు నూనె స్నానం వేళ పక్కన కూర్చుని చెప్పండి. మనవడి మీద మీకెంత ప్రాణమో ఆవిడకీ అంతే.

ఆవిడ తప్పకుండా అడుగుతారు: మరి మన చీర ఉయ్యాల మాటేమిటి, అందులోనూ బిడ్డ వంగే పడుకుంటాడు కదా అని. న్యాయమైన ప్రశ్న. మా అమ్మ పొలం గట్టున చింతకొమ్మకి పాత చీర కట్టి నన్ను పడుకోబెట్టేది, అలాంటి చల్లదనం మళ్లీ ఎరగను. అయినా ఈ విషయంలో చీర ఉయ్యాలని కూడా వెనకేసుకు రాలేను. ఊపి నిద్రపుచ్చడానికి వాడండి, తాడు పట్టుకుని మనిషి పక్కనే ఉన్నంతసేపు వాడండి. కన్ను మూతపడగానే ఎత్తి చదునుగా వెల్లకిలా వేయండి. రాత్రంతా అందులో వదిలేయకండి. మీ పాప మూడేళ్లది కాబట్టి ఇంకో జాగ్రత్త: ఖాళీ చీర ఉయ్యాలలో ఎక్కి తిరగడం, మెలిపెట్టుకోవడం ఈ వయసు పిల్లలకి సరదా. మెడకి చుట్టుకుంటే విప్పుకోవడం వాళ్లకి రాదు. పని అవగానే చీరని పైకి ముడేసెయ్యండి.

ఇక అమ్మడం, అంగన్‌వాడీకి ఇవ్వడం. మీ ఆయన చెడు ఆలోచనతో అనలేదని నాకు తెలుసు. మన ఇళ్లలో పనికొచ్చే వస్తువు పారేయడం పాపం అని పెంచారు మనల్ని. కానీ మీరు ప్రమాదమని తెలిసి తీసిన కుర్చీని అంగన్‌వాడీలో పెడితే, అందులో పడుకునేది మీ పక్కింటి కూలిమనిషి బిడ్డ. ఆ తల్లికి వీడియో కాల్‌లో చెప్పే చెల్లెలు ఉండకపోవచ్చు. అమెరికాలో అయితే, వెనక్కి పిలిచిన వస్తువుని పాతదిగా అమ్మడం కూడా నేరమే. కెనడా మరో అడుగు ముందుకేసి, పిల్లల వాకర్లని 2004లో పూర్తిగా నిషేధించింది. కొత్తవే కాదు, ఇంట్లో వాడిన వాకర్‌ని పక్కవాళ్లకి అమ్మినా తప్పే. (వాకర్ మాట ఎందుకు ఎత్తానంటే, ఇంకో మూడు నాలుగు నెలల్లో ఎవరో ఒకరు మీ బాబుకి ఒకటి తెస్తారు. అరుగులు, మెట్లు, నేల మీద పొయ్యి ఉన్న మన ఇళ్లలో చక్రాలున్న బండిలో బిడ్డ కన్ను మూసి తెరిచేలోపు ఎక్కడికైనా వెళ్లిపోతాడు. ఇప్పుడే వద్దని చెప్పి ఉంచండి.)

కాబట్టి ఆ కుర్చీని పనికిరాకుండా చేసి పారేయండి. స్టిక్కరు ఫొటో తీసి ఉంచుకోండి. గుడ్డని కత్తెరతో నిలువునా చీల్చండి, బెల్టులు కోసెయ్యండి, మరలు విప్పి ఇనప చట్రాన్ని విడగొట్టండి. అప్పుడు ఆ ఇనుము పాత సామాన్ల బండికి వేయండి. సాంతంగా ఉన్నది ఉన్నట్టు వేస్తే, బండివాడు తుడిచి సంతలో అమ్ముతాడు, వాడి తప్పు కూడా కాదది. కంపెనీ నుంచి డబ్బు వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. మన దేశంలో కొన్నది కాదు, బిల్లు లేదు, పైగా కానుక.

బావగారితో మీరే ముందు మాట్లాడండి, ఇంకెవరి నోటో వినకముందే. ఇలా అనొచ్చు: "బావగారూ, మీరు తెచ్చినవన్నీ వాడుతున్నాం. ఈ కుర్చీ ఒక్కటీ కంపెనీయే ప్రమాదమని వెనక్కి పిలుస్తున్న రకమట. మీరు ఎంత మోజుగా మోసుకొచ్చారో తెలుసు, అందుకే మీకే ముందు చెబుతున్నాను." తప్పు వస్తువుది, ఇచ్చిన చేతిది కాదు. ఆ తేడా మీ మాటలో వినబడితే ఆయన నొచ్చుకోరు. పైగా ఆయనకి ఒక పని అప్పగించండి. తన క్యాంపులో ఉన్న సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం మనుషులందరూ ఇంటికి పిల్లల సామాన్లు పంపేవాళ్లే. సౌదీ వాణిజ్య మంత్రిత్వ శాఖ వెనక్కి పిలిచిన వస్తువుల కోసమే ఒక వెబ్‌సైటు నడుపుతోంది. వాడిన వస్తువు ఏది తీసుకున్నా పెట్టె కట్టే ముందు దాని మోడల్ నంబరు అందులో ఒకసారి చూడమనండి. ఇచ్చిన ఆ సారుకీ ఒక మాట చేరవేయమనండి. వాళ్ల చుట్టాల ఇళ్లలో ఇంకోటి ఉండొచ్చు.

ఇప్పుడు సిరిమాను బొమ్మ. అమ్మా, నన్ను అడిగితే ఈ రెంటిలో ఎక్కువ ఇళ్లలో ఉన్న ప్రమాదం ఇదే.

ఆ బొమ్మల్లో ఉండేవి గుండీల్లాంటి బ్యాటరీలు. వాటిలో పెద్ద రకం దాదాపు రూపాయి నాణెమంత ఉంటుంది, సరిగ్గా పసిపిల్లల గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కునేంత. నాణెం మింగితే చాలాసార్లు రెండు మూడు రోజుల్లో కిందికి పోతుంది. బ్యాటరీ అలా కాదు. అది తడి కండకి తగలగానే దానిలోంచి కరెంటు పారుతుంది, ఆ చోట కాస్టిక్ సోడా లాంటి క్షారం పుడుతుంది, కండని కాల్చుకుంటూ పోతుంది. రెండు గంటల్లోనే లోతైన గాయం పడొచ్చు. బొమ్మలో లైటు వెలగడం మానేసింది, బ్యాటరీ అయిపోయింది అనుకుని పారేస్తాం చూడండి, దానిలో కూడా కాల్చడానికి సరిపడా శక్తి మిగిలే ఉంటుంది.

మా చెల్లెలి మనవడు ఏడాదిన్నర వయసులో తాళంచెవుల గొలుసుకున్న లైటులోది మింగాడు. ఎవరూ చూడలేదు. చొంగ కార్చడం, అన్నం తోసెయ్యడం, దగ్గు. పళ్లు వస్తున్నాయన్నారు ఇంట్లో. జలుబన్నారు దగ్గరి ఆసుపత్రిలో, సిరప్పు రాశారు. రెండో రోజు సాయంత్రం ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. బ్యాటరీ ఎక్స్‌రేలో అంచు చుట్టూ రెండు గీతలున్న గుండ్రంలా కనబడుతుంది, నాణేనికి అలా ఉండదు. విశాఖ తీసుకెళ్లి తీయించారు. బతికాడు. కానీ గొంతు మానడానికి నెలలు పట్టింది, గంజి, పాలు తప్ప ఏమీ దిగేది కాదు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా "జలుబే కదా" అంటే మా చెల్లెలు లేచి వెళ్లిపోతుంది.

అందుకే మొదట్లో లెక్క చూడమన్నాను. బ్యాటరీ కనబడకపోతే, పాప మింగిందన్న అనుమానం ఇసుమంత ఉన్నా, వాంతి చేయించకండి, అన్నం ముద్దలు పెట్టి దింపాలని చూడకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయలుదేరండి. ఏడాది దాటిన పిల్లయి, మింగి పన్నెండు గంటలు దాటకుండా ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకుండా. తేనె మంటని కాస్త నెమ్మదింపజేస్తుందని వైద్యులు చెబుతున్నారు. కానీ తేనె కోసం ఆగకూడదు, దుకాణం వెతకకూడదు. ఏడాది నిండని మీ బాబుకి తేనె అసలు పెట్టకూడదు, ఏ సందర్భంలోనూ. ఆసుపత్రిలో మొదటి మాటే "బ్యాటరీ మింగిందేమో అని అనుమానం, ఎక్స్‌రే తీయండి" అని ఉండాలి. వరసలో కూర్చోకండి.

ఆ బొమ్మ మూత మరతో బిగించేది కాకపోతే, బొమ్మని పారేయండి. టేపు అంటించి నెట్టుకు రాకండి, మూడేళ్ల వేళ్లకి టేపు ఎంత పని. తీసిన బ్యాటరీలకి మాత్రం రెండు వైపులా టేపు చుట్టి పిల్లలకి అందకుండా పారేయాలి. అలాగే ఒక్కసారి ఇంట్లో తిరిగి చూడండి: చిన్న రిమోట్లు, దేవుడి దగ్గర మిణుకుమనే ఉత్తుత్తి దీపాలు, పాట పాడే కార్డులు, చేతి గడియారాలు. వీటిలో చాలావాటిలో ఆ గుండీలే ఉంటాయి.

మన దేశంలో ఈ విషయంలో మంచి నియమమే ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ పేరు బీఐఎస్. ఫోన్‌లో దాని బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు చెల్లుతోందో లేదో వస్తుంది. ఆ నంబరు లేకుండా ఉత్త గుర్తు మాత్రమే అచ్చేసి ఉంటే నమ్మకండి. కరెంటు, బ్యాటరీ బొమ్మల ప్రమాణంలో గుండీ బ్యాటరీ గది పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదని ఉంది. మీ సిరిమాను బొమ్మ ఆ ఒక్క పరీక్షలోనే పోయింది. ఏటికొప్పాక లక్కబొమ్మల్లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిపని బొమ్మలకి, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకి ఈ గుర్తు నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి వాటి మీద ఐఎస్ఐ లేదని కంగారుపడకండి. అయితే ఏ బొమ్మయినా మూడేళ్లలోపు పిల్లలకి ఇచ్చేటప్పుడు, ఊడే ముక్క మూడు సెంటీమీటర్లకి లోపు ఉంటే వద్దు.

ఫిర్యాదు సంగతి. పైడితల్లి జాతరలో కర్రకి గుచ్చుకుని బొమ్మలమ్మే ముసలాయన మీద కేసు పెట్టమని నేననను. ఆయనకి ఆ సరుకు ఏ గోదాం నుంచి వచ్చిందో, అడగాల్సింది అక్కడ. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. బొమ్మ, మూత, పెట్టె మీద ఏవైనా అక్షరాలుంటే అవి, కొన్న చోటు, ఇవన్నీ ఫొటోలతో బీఐఎస్ కేర్ యాప్‌లోనూ పెట్టొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రమాదకరమైన సరుకుని వెనక్కి పిలిపించి, కొన్నవాళ్లకి డబ్బు ఇప్పించే అధికారం దానికి ఉంది. ఐఎస్ఐ నాణ్యతా ఉత్తర్వులకి విరుద్ధమైన ప్రెషర్ కుక్కర్లు అమ్మినందుకు 2022 ఆగస్టులో అమెజాన్‌ని, తన ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బివ్వమని ఆదేశించింది.

ఇక్కడ మన పల్లెల సంగతి ఒకటి గుర్తొస్తోంది. ఆన్‌లైన్‌లో కొనేది మనమే అయినా, ఆర్డరు పెట్టేది పక్కింటి కుర్రాడి ఫోన్‌లోంచి. రేపు ఆ కుక్కరుకో ఆ హీటరు రాడ్డుకో రీకాల్ వస్తే, కబురు వెళ్లేది ఆ కుర్రాడికి. అతను చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటాడు. ఇప్పటిదాకా అలా కొన్నవేవైనా ఉంటే, అతనికి ఫోన్ చేసి ఇలాంటి మెసేజీ ఏదైనా వస్తే చెప్పమనండి. ఇకపై మీ నంబరుతోనే కొనండి.

దేవుడి దయవల్ల మీకు అవసరం రాకూడదు కానీ, వస్తువు వల్ల దెబ్బ తగిలితే పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. దుకాణం ఎక్కడున్నా మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్లలోపు. వస్తువు ధర అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. కొన్నది మీ ఆయనే అయినా, ఆయన ఒప్పుకోలుతో వాడుతున్న మీరూ చట్టం కంటికి వినియోగదారులే.

ఆ బొమ్మలో బ్యాటరీలు లెక్కకి సరిపోయాయో లేదో నాకు ఒక ముక్క రాయండి. రాసేదాకా నా మనసు అక్కడే ఉంటుంది.